గేటు వైపు మసక

కాప్రా, సికింద్రాబాద్
9 ఆగస్టు 1999

అక్కా,

వీరయ్యకు అన్యాయం జరిగింది. చేసినవాడు మా యజమాని సదాశివ. ముందు ఈ రెండు ముక్కలూ చదివి, మంచినీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు. క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, అప్పటికి కోపం చల్లారితే.

నువ్వు గుజరాత్‌లో మీ పరిశోధనశాలలో కూర్చుని గీసి పంపిన పెద్ద ప్లాస్మా పెట్టె మా షెడ్డులో నిలబడింది. మంచమంత వెడల్పు. పైన మందపాటి గాజు మూత, మూత మీద వీరయ్య వంచిన రాగి గొట్టం, పెద్ద జిలేబీ చుట్టలాగా. ఆ చుట్టలోకి రేడియో కరెంటు పంపితే, ఏ తీగా తగలకుండానే మూత కింద గ్యాసు వెలుగుతుందని నువ్వు రాశావు. నేను సగమే నమ్మాను. వెలిగింది అక్కా. గులాబీ రంగులో, ఊపిరి తీస్తున్నట్టు వెలిగింది. షెడ్డులో ఎనిమిదిమందిమీ నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. వీరయ్య దండం పెట్టబోయాడు. ఎత్తిన చేయి చుట్టకు దగ్గరగా వెళ్లింది. తాకలేదు. తాకకముందే తెల్లటి నిప్పు చుక్క ఒకటి దూకి అరచేతిని కాల్చేసింది.

చుట్టూ కంచె కట్టాలని నేను ముందే పదిసార్లు చెప్పాను. స్టేషన్ ముందు ఫుట్‌పాత్ మీద కొన్న నా ఎర్ర అట్ట పుస్తకంలో, యంత్రానికి కంచె కార్మికుడి హక్కు అని స్పష్టంగా ఉంది. సదాశివ ఏమన్నాడో తెలుసా? "కంచె గించె తర్వాత జూద్దాం, ముందుగాల టెస్టు కానియ్" అన్నాడు. కాబట్టి ఆ సాయంత్రం నేనే ఒక రేకు కోసి, ఎర్ర పెయింటుతో "ప్రమాదం. చేయి పెట్టవద్దు" అని రాసి, గేటు వైపు కట్టేశాను. అందరూ వచ్చేది ఆ పక్కనుంచే కదా.

రెండు రోజుల తర్వాత పూర్తి బలంతో వెలిగించి కొలిచాం. వెలుగు కొలవడానికి నువ్వు పంపిన సూదిని లోపల తొమ్మిది చోట్లకు జరిపి చూస్తే, మధ్యలో నూరు ఉంటే గోడ వైపు ఎనభై, గేటు వైపు అరవై. సూది అక్కర్లేదు, గేటు వైపు మసక కంటికే కనిపిస్తోంది. ఏ మూలనైనా తొంభై అయిదుకు తగ్గకూడదని కదా నీ షరతు? సదాశివ అందరి ముందూ వీరయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఇరవై ఏండ్ల సంది చుడ్తున్నవ్. గిదా చుట్టుడు? ఒక దిక్కు వంకర బోయింది!"

వీరయ్య కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు అక్కా. అదే నేను మరచిపోలేకపోతున్నాను.

సదాశివకు గట్టిగా రాయి. నీ మాటైతే వింటాడు.

అమ్మ బాగుంది. పక్కింటి యుగంధర్ కంప్యూటర్ కోర్సులో చేరాడని రోజుకు మూడుసార్లు చెబుతోంది. "ఏటిరా, నీకేటి తక్కువ, నువ్వూ చేరకూడదేటి?" అంటోంది. సైనిక్‌పురి నుంచి స్టేషన్ దాకా గోడల మీద ఆ కోర్సుల బోర్డులే. అందరూ తెర ముందు కూర్చుంటే గొట్టం వంచేవాడెవడు?

కోపం చల్లారలేదు.

సూరి

*

పరిశోధనశాల హాస్టలు, గుజరాత్
16 ఆగస్టు 1999

ఒరేయ్ సూరీ,

మంచినీళ్లు రెండు గ్లాసులు తాగాను. నీ ఉత్తరానికి ఒకటి చాలదు.

ముందు వీరయ్య గారి చేయి ఎలా ఉందో రాయి. ఆ రకం కాలిన గాయం పైకి చిన్నగా కనిపించి లోపల లోతుగా ఉంటుంది. తప్పకుండా డాక్టరుకు చూపించాలి. బోర్డు పెట్టి మంచి పని చేశావు. కంచె గురించి సదాశివ గారికి నేనూ రాస్తాను. కానీ ఆయన్ని పేరు పెట్టి తిట్టకురా. ఇంత పెద్ద పెట్టె చేస్తామని దేశంలో ఎవరూ ముందుకు రానప్పుడు సరేనన్న మనిషి ఆయన.

ఇక మసక సంగతి. అమ్మ ఇంట్లో చిన్న పెనం మీద వేసే దోసె అంతటా ఒకే రంగులో కాలుతుంది. అదే అమ్మ ఎవరి పెళ్లిలోనో పెద్ద పెనం ముందు నిలబడితే? ఒక పక్క మాడుతుంది, ఒక పక్క పచ్చిగా ఉంటుంది. అమ్మ చేయి మారలేదు, పిండి మారలేదు. పెనం పెరిగింది, అంతే. ప్లాస్మా కూడా అంతే. జానెడు పెట్టెలో వెలుగు సమానంగా పరచడం మాకు ఎప్పుడో వచ్చు. మంచమంత పెట్టెలో పరచడం ఇంకా ప్రపంచంలో ఎవరికీ సులువుగా రావడం లేదు. కాబట్టి మసక రాగానే చుట్టినవాడిని అనడం తొందరపాటు. అందులో నువ్వు చెప్పింది నిజమే.

మూడు చూసి రాయి. గ్యాసు లోపలికి ఏ పక్కనుంచి వస్తోంది? పంపు ఏ పక్కనుంచి లాగుతోంది? చుట్టలో వరసకూ వరసకూ మధ్య ఎడం ఒకేలా ఉందా? నేను లెక్కలు మళ్లీ మొదటినుంచి చేస్తున్నాను. ఏదైనా తేలితే సదాశివ గారికి ఫ్యాక్స్ ఇస్తాను.

సెప్టెంబరు 27, సోమవారం పరీక్ష చూడటానికి మావాళ్లు అక్కడికి వస్తున్నారు. నేనూ వస్తున్నాను. ఆ రోజుకు వెలుగు సరిపడకపోతే పెట్టె పని ఆపేస్తామని మా పెద్దాయన అంటున్నారు. కాబట్టి కోపాన్ని కాస్త వాయిదా వేసి, కళ్లకు పని చెప్పు.

అమ్మ మాట విననక్కర్లేదు కానీ, వేళకు తిను.

అక్క

*

కాప్రా
23 ఆగస్టు 1999

సత్యవేణి గారికి,

నమస్కారం.

తమరు అడిగిన మూడూ చూశాను. గ్యాసు చుట్టూరా పన్నెండు చిల్లుల నుంచి సమానంగా వస్తోంది. పంపు సరిగ్గా మధ్యలో, అడుగునుంచి లాగుతోంది. ఇక చుట్ట. వీరయ్య పనికి స్కేలు వాడడు. నూలుదారం తీసుకుని, రెండు వరసల మధ్య ఎడానికి పరిచి, ముడి వేసి, ఆ దారాన్ని రెండో పక్కన పెట్టి చూస్తాడు. కాలిన చేత్తోనే నాకోసం ప్రతి వరసకూ మళ్లీ దారం పెట్టాడు. ఎక్కడా గోరంత తేడా లేదు. చుట్ట వంకర కాదు. ఈ మాట తమకు రాయాలని శుక్రవారం ఎంత సంబరంగా కూర్చున్నానో తమకు తెలియదు.

సగం రాశాక తమ ఫ్యాక్స్ వచ్చింది. "ఇప్పుడున్న చుట్ట తీసివేయాలి. కొత్తది చేయాలి. వివరాలు తర్వాత." మూడు ముక్కలు. సదాశివ అది చేతిలో పట్టుకుని షెడ్డు మధ్యలోకి వచ్చాడు. "సూడు వీరయ్యా, గక్కడున్న సైంటిస్టు మేడమే జెప్తున్నది చుట్ట పనికిరాదని. రేపట్నుంచి రాకు." వీరయ్య దారపు ఉండ జేబులో వేసుకుని సైకిలెక్కి యాప్రాల్‌లోని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ మేడం మా అక్క అని షెడ్డులో అందరికీ తెలుసు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

చదువుకున్నవాళ్లు చివరకు యజమాని పక్కనే నిలబడతారని నా పుస్తకాల్లో చదివినప్పుడు, మా అక్క అలా కాదని పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. ఆ మాట ఇప్పుడు చెరిపేశాను.

అన్నట్టు ఈ ఊళ్లో పెయింటు కూడా కల్తీయే. మూడు వారాలు కాలేదు, నా బోర్డు మీది ఎర్ర రంగు పొక్కులు లేచి నల్లబడింది. దుకాణం వాడిని అడిగితే, "ఎండకు బెట్టినవేమో" అంటాడు. షెడ్డులోకి ఎండ ఎక్కడిది?

ఇట్లు
ఎ. సూర్యనారాయణ

*

గుజరాత్
30 ఆగస్టు 1999

నా సూరికి,

నీ పూర్తి పేరు నీ చేతి రాతలో చూసి చాలా ఏళ్లయింది. ఏడుపు వచ్చింది. తర్వాత కొంచెం నవ్వు కూడా వచ్చింది, కోప్పడకు.

విను. ఆ ఫ్యాక్స్ నేను వీరయ్య గారి మీద ఇవ్వలేదు. నా మీద ఇచ్చుకున్నాను. లెక్క మళ్లీ చేస్తే తప్పు నా గీతలోనే బయటపడింది. చిన్న పెట్టెకు సరిపోయిన చుట్టనే పెద్ద పెట్టెకు సాగదీశాను. ఆరున్నర మీటర్ల గొట్టం! అందులో వెళ్లే కరెంటు సెకనుకు కోటీ ముప్పై అయిదు లక్షల సార్లు ఊగుతుంది. అంత వేగంలో గొట్టం పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. పొట్టి చుట్టలో మొదట ఎంత కరెంటో చివరా అంతే. ఇంత పొడవులో మొదట ఒకలా, నడుమ ఒకలా, చివర ఒకలా ఉంటుంది. కరెంటు తగ్గినచోట కింద వెలుగు తగ్గుతుంది. వీరయ్య గారు ఎంత బాగా వంచినా నా తప్పును ఆయన వంచలేరు కదా.

కొత్తది ఎలా ఉండాలంటే, ఒక పెద్ద చుట్ట బదులు నాలుగు పొట్టి చుట్టలు. నాలుగూ ఒకే పొడవు. మూత మధ్యనుంచి నాలుగింటికీ ఒకేసారి కరెంటు. భోజనాల్లో ఒక చివరనుంచి వడ్డిస్తూ వస్తే బంతి చివర కూర్చున్నవాడి విస్తట్లోకి వచ్చేసరికి కూర అయిపోతుంది. మధ్యలో నిలబడి నాలుగు బంతులకూ ఒకేసారి వడ్డించాలి. ఈ మాట నీ పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఇదంతా ఫ్యాక్స్‌లో రాయాల్సింది. తొందరలో మూడు ముక్కలు ఇచ్చాను. దానివల్ల ఒక పెద్దమనిషి పని పోయింది. ఈ రోజే సదాశివ గారికి వివరంగా ఉత్తరం రాశాను, తప్పు నాదని.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. నా తప్పు వల్ల ఇరవై తగ్గాలి. ఎనభై రావాలి. గేటు వైపు అరవై ఎందుకొచ్చింది? మిగతా ఇరవై ఎవరు తిన్నారు? సూరీ, నాకో పని చేసిపెట్టు. మూత మీద ఏమేం ఉన్నాయో మొత్తం బొమ్మ గీసి పంపు. నా గీతలో లేనివి కూడా. ఎవరో మరచిపోయిన స్పానరు, చాయ్ గ్లాసు, ఏదైనా సరే.

పెన్సిలుతో ఆ పేజీలో మళ్లీ రాసుకో. అవసరమైతే ప్రశ్నార్థకం పెట్టుకో.

నీ అక్క

*

కాప్రా
6 సెప్టెంబరు 1999

అక్కా,

"అక్కా" అని రాశాను కదా అని అంతా అయిపోయిందనుకోకు.

తప్పు నీదని నువ్వు రాసిన ఉత్తరం సదాశివ చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. వీరయ్యను మాత్రం పిలవలేదు. "మీ అక్క మనసు మంచిది, గందుకని తన మీదేసుకుంటున్నది" అన్నాడు నాతో. నిజం చెప్పు, నువ్వు మా కోసమే ఆ తప్పు నెత్తిన వేసుకున్నావా? నాకూ ఆ అనుమానం ఉంది.

ఇక మాటలతో పని లేదు. కరపత్రం అచ్చువేయించాను. రెండు వందలు. ఒకటి ఇందులో పెట్టాను. "వీరయ్యకు జరిగిన అన్యాయం. చేసినవాడు సదాశివ. సెప్టెంబరు 27, ఉదయం తొమ్మిది గంటలకు షెడ్డు గేటు ముందు అందరూ చేరండి." మీవాళ్లు కారు దిగేసరికి గేటుకు అడ్డంగా మేముంటాం. నువ్వు ఆ కారులో ఉంటావని తెలుసు. ఏ పక్క దిగుతావో నీ ఇష్టం.

నువ్వు అడిగిన బొమ్మ కూడా పెట్టాను. నీమీద కోపం ఉంది కానీ, పనిమీద లేదు. మూత, చుట్ట, పదహారు బోల్టులు, గేటు వైపు నా బోర్డు. అది నాలుగు బోల్టుల చుట్టూ బైండింగ్ వైరు తిప్పి, చివర్లు కలిపి, పట్టకారుతో బిగించి కట్టాను. కదలదు. అంతకుమించి ఏమీ లేదు. చాయ్ గ్లాసులు అక్కడ పెట్టనివ్వను.

సూరి

(అమ్మా సత్యా, గుంటడు అన్నం మీద అలిగి కూకుంటున్నాడు. మీ ఇద్దరి మజ్జన ఏటయిందో నాకు తెలీదు. నువ్వు పెద్దదానివి, నువ్వే తగ్గు. పెట్టెలో దీపం సంగతి తరవాత చూసుకోండి. అమ్మ.)

*

గుజరాత్
11 సెప్టెంబరు 1999

సూరీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. నాలుగోది పంపుతున్నాను.

నీ బొమ్మ చాలా బాగుంది. బోల్టులు లెక్కపెట్టి మరీ గీశావు. ఆ నాలుగు బోల్టుల చుట్టూ తిరిగిన బైండింగ్ వైరు చూశాక నేను కుర్చీలోంచి లేచాను. చివర్లు కలిపి బిగించానన్నావు. అంటే అది మూసిన వలయం. కరెంటు ఊగుతున్న చుట్ట పక్కన మూసిన తీగ వలయం ఏది పెట్టినా, దానిలోనూ కరెంటు పుడుతుంది. ఆ కరెంటు చుట్టకు ఎదురు తిరుగుతుంది. తనున్న పక్క చుట్ట బలాన్ని తినేస్తుంది. తిన్నది తిన్నట్టు వేడిగా మారుతుంది. నీ పెయింటు కల్తీ కాదురా. కాలింది.

ఆ ఇరవై తిన్నది నీ బోర్డు.

నీ ముఖం ఇప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్కన ఉంటే నెత్తిన చేయి పెట్టేదాన్ని. నువ్వు దాన్ని ఎందుకు కట్టావో ఒకసారి గుర్తు తెచ్చుకో. కంచె గురించి పట్టించుకున్నది ఆ షెడ్డులో నువ్వొక్కడివే. నేను కూడా గీతలో కంచె గీయలేదు. గీసి ఉంటే చెక్కతో గీసేదాన్ని, నువ్వు రేకు కోసే అవసరమే వచ్చేది కాదు.

ఈ సంగతి సదాశివ గారికి రాయలేదు. రాయను. నీకొక్కడికే రాశాను. నువ్వు వెళ్లి, నిశ్శబ్దంగా ఆ తీగ కత్తిరించి పారేస్తే ఎవరికీ తెలియదు. వెలుగు బాగుపడుతుంది. నీ కరపత్రాలు నీ దగ్గరే ఉంటాయి. ఏం చేయాలో నేను చెప్పను. నువ్వు చదివిన పుస్తకాలు నేను చదవలేదు.

నీ అనుమానానికి జవాబు. నా తప్పు నిజంగా నాదే. జాలి పడి లెక్కలు చేయడం నాకు రాదు.

ఏం చేసినా, ముందు అన్నం తిను.

అక్క

*

కాప్రా
18 సెప్టెంబరు 1999

అక్కా,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. గేటు దగ్గర నిలబడే చదివాను. తర్వాత లోపలికి వెళ్లి ఆ తీగను వేలితో ముట్టుకున్నాను. ప్లాస్మా ఆర్పి అయిదు నిమిషాలయింది, అయినా తీగ వేడిగానే ఉంది. ఇన్నాళ్లూ ఒక్కసారి ముట్టుకుని ఉంటే తెలిసేది. "చేయి పెట్టవద్దు" అని రాసింది నేనే కదా, ముట్టుకోలేదు.

కత్తిరించి పారేయాలని పట్టకారు తీసుకున్న మాట నిజం. నీ దగ్గర దాచను. షెడ్డులో ఎవరూ లేరు. అప్పుడు వీరయ్య చేయి గుర్తొచ్చింది, వెనక్కి దాచుకున్న చేయి. నేనూ అదే చేయబోతున్నాను, కానీ నా చేయి కాలలేదు.

సదాశివను పిలిచి చెప్పాను. ఏడుపు రాకుండా చెప్పాననుకుంటున్నాను. ఆయన తీగ చూశాడు, బోర్డు చూశాడు, నన్ను చూశాడు. "ఏందిరా ఇది, చిన్న తీగ ముక్క నా మిషిన్‌ను తింటున్నదా?" అన్నాడు. కత్తిరించి వెలిగించాం. గేటు వైపు డెబ్భై తొమ్మిది, గోడ వైపు ఎనభై. నువ్వు రాసినట్టే అక్కా! మిగిలిన ఇరవై నీదే, జాలితో చేసిన లెక్క కాదని ఒప్పుకుంటున్నాను. పేజీలో మళ్లీ రాశాను, ప్రశ్నార్థకం లేకుండా.

తర్వాత కరపత్రం కూడా ఆయన చేతిలో పెట్టాను. మొత్తం చదివాడు. "నా పేరు మస్తు పెద్దగ ఏయించినవ్" అన్నాడు. తిడతాడనుకున్నాను. స్కూటరు తీసి, "ఎక్కు, యాప్రాల్ పోదాం" అన్నాడు.

వీరయ్య అరుగు మీద కూర్చుని ఎవరిదో ఫ్యాన్ మోటారు చుడుతున్నాడు. నేను బోర్డు సంగతి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఆయన నా తల నిమిరి, "నా చెయ్యి కాలిందని గదా కట్టినవ్ బిడ్డా. జెర ఎక్వ గట్టిగ కట్టినవ్, గంతే" అన్నాడు. అక్క రాసిన నాలుగు చుట్టల సంగతి చెబితే, నా బాధంతా వదిలేసి, "నాలుగిటికీ ఒకటే దారం బెట్టాలె" అని జేబులోంచి దారపు ఉండ తీశాడు.

సదాశివ గొంతు సవరించుకుని, "పెద్దాయనా, నోరు జారిన. రేపు పన్లకు రా" అన్నాడు. వీరయ్య సరేననేవాడే. లోపల్నుంచి ఆయన భార్య విమలమ్మ వచ్చింది.

"నోరు జారిందా సారూ? ఏడ జారింది? గీ అరుగు మీద జారిందా? ఎనిమిదిమంది ముంగట జారింది గద. ఎనిమిదిమంది ముంగటనే ఎనుకకు తీస్కో. గప్పటిదాక చాయ్ సుత పొయ్య."

సదాశివ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరకు, "గా కరపత్రంల టైమెంత రాసినవ్ రా?" అని అడిగాడు. తొమ్మిది అన్నాను. "అయితే గదే టైమ్" అన్నాడు. అప్పుడు చాయ్ వచ్చింది.

నిన్నటినుంచి వీరయ్య నాలుగు చుట్టలూ వంచుతున్నాడు. ఒకటే దారం, ఒకటే ముడి. నేను చెక్క కంచె చేస్తున్నాను. మేకులు కూడా వెదురువే. కంచె గీత ఒకటి నువ్వూ పంపు, సరిచూసుకుంటాను. నాలుగు చుట్టలూ కలిపి ఇంకా వెలిగించలేదు. తొంభై అయిదు వస్తుందో రాదో తెలియదు. వచ్చినా రాకపోయినా అందరూ ఉన్నప్పుడే మొదటిసారి వెలిగించాలని వీరయ్య పట్టుబట్టాడు.

అన్నం తింటున్నాను. అమ్మ కూడా ఆ రోజు షెడ్డుకు వస్తానంటోంది. "మీ ఇద్దరూ ఏ దీపం కోసం కొట్టుకుని చచ్చారో నానూ చూడాలి గదా" అంటోంది.

రెండు వందల కరపత్రాలూ వృథా చేయలేదు. తప్పు మాటలు కొట్టివేసి, చేత్తోనే దిద్దాను. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. ఒకటి నీకు. కారులో చదువుకుంటూ రా, తిన్నగా లోపలికి వచ్చెయ్యి. గేటు తీసే ఉంటుంది.

నీ తమ్ముడు
సూరి

*వీరయ్యకు అన్యాయం జరిగింది. వెలుగును తిన్న తీగ కట్టినవాడు సూరి. నిజం తెలియకుండా మాట అన్నవాడు సదాశివ. ఇద్దరూ అందరి ముందూ ఆ మాట చెబుతారు. తర్వాత వీరయ్య తన చేత్తో స్విచ్చి వేస్తాడు. సెప్టెంబరు 27, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు, గేటు ముందు కాదు, షెడ్డు లోపల, అందరూ చేరండి.*